మూడు కేజీలు కోయించిన మొనగాడు

"ఎత్తి పడేయకండి, దించండి. అది పనసకాయ కాదు, ఫ్లైవీలు."

అది ఫ్లైవీలని నాకు చెప్తోంది! గోనెసంచిలో చుట్టి, వానలో ఇన్నీసుపేట దాకా భుజం మీద మోసుకొచ్చిన మెకానిక్‌కి!

"తెలుసమ్మా. పొద్దున్న ఇంజను విప్పి తీసింది నేనే," అన్నాను.

"తీసినాయన తడవకుండా తేలేకపోయారా? తుప్పు పట్టేది దానికి, మీక్కాదుగా."

ఇదీ మా తొలిచూపు. చూపులు కలవగానే వీణలు మోగాయని రాసేవాళ్ళు రాసుకోనీండి. మా మధ్య మోగింది మాత్రం నేను దించిన చక్రమే. అదీ ఆమె కాలి పక్కన, వేలెడు దూరంలో.

పంతొమ్మిదివందల డెబ్భైతొమ్మిది, ఆషాఢమాసం. నాకు ఇరవయ్యారేళ్ళు. పేరు లోవరాజు. ఐదో క్లాసుతో బడికి దండం పెట్టి, పకోడీలు కట్టిన కాగితాలు చదివి జ్ఞానం సంపాదించినవాణ్ణి. రాజమండ్రి మోటారు వర్కర్ల సంఘానికి కార్యదర్శిని. సభ్యులు పదకొండు మంది. అందులో నలుగురు టీ కోసం వచ్చేవాళ్ళు. లోకాన్ని మార్చడానికి అది చాలనుకునే వయసు.

ఆ అమ్మాయి వీరవేణి. లేతు మిషను సత్తియ్య కూతురు. సత్తియ్యది సముద్రం ఒడ్డున వేటకెళ్ళే కుటుంబం. పడవ ఇంజన్లు బాగుచేస్తూ చేస్తూ రాజమండ్రి వచ్చి, రైసుమిల్లు జోగేశ్వరరావు గారి రేకుల షెడ్డులో ఇనుము కోసే లేతు పెట్టుకున్నాడు.

ఫ్లైవీలు కూడా ఆ జోగేశ్వరరావు గారి కారుదే. ఊరంతా తాబేలు కారు అనేది. ఇంజను వెనకాల. నీళ్ళతో పనిలేదు, గాలితోనే చల్లబడుతుంది. పెట్రోలు బంకులో ప్రతివాడూ ముందు మూత ఎత్తి రేడియేటరు కోసం వెతికేవాడు. అక్కడ కనిపించేది జోగేశ్వరరావు గారి మరచెంబు.

ఆయన కొడుకు బుల్లిబాబుని కొవ్వూరు బ్రిడ్జి మీద ఎవడో ఫియట్టులో దాటేశాడట. ఇక అన్నం సయించలేదు పాపం. "ఏదో ఒకటి చెయ్యి లోవరాజూ, బండి ఎగరాలి," అన్నాడు. ఫ్లైవీలు బరువు తగ్గిస్తే ఎగురుతుందని నేనన్నాను.

"ఎంత కొయ్యాలి?" వీరవేణి అడిగింది.

"మూడు కేజీలు."

"ఉన్నదే ఎనిమిది. ఒకటిన్నర దాటితే స్లోలో నిలబడదండి."

"స్లో ఎవడిక్కావాలి?"

"పెళ్ళికొడుకులకి. ఊళ్ళో ఏ షావుకారు గారింట్లో పెళ్ళయినా ఊరేగింపు ఆ కారులోనేగా. మనిషి నడక నడవద్దా?"

"ఊరేగింపులు భూస్వామ్య అవశేషాలు," అన్నాను గంభీరంగా.

"అలాగా! ఆ అవశేషంలో కూర్చోడానికి మీ బుల్లిబాబు గారికి శ్రావణంలో ముహూర్తం పెట్టారు. తెలీదా?"

తెలుసు. ఫ్లైవీలు బరువుంటే ఇంజను నిలకడగా తిరుగుతుందనీ, బరువు తీసేస్తే చటుక్కున ఉరుకుతుంది కానీ నెమ్మదిగా నడవమంటే ప్రాణం వదిలేస్తుందనీ కూడా తెలుసు. కానీ చెప్పింది ఆడపిల్ల. సమానత్వం మీద నాలుగు గంటలు మాట్లాడగలిగినవాణ్ణి, నాలుగు నిమిషాలు వినలేకపోయాను.

"నువ్వు మీ నాన్నకి చెప్పు. మూడు కేజీలు. అంతే."

"చెప్తాను," అంది. అదోలా నవ్వింది.

ఆ నవ్వు ఎందుకో మర్నాడు తెలిసింది. సాయంత్రం రమ్మంటే పొద్దున్నే వెళ్ళాను. లేతు తిరుగుతోంది. సత్తియ్య స్టూలు మీద కూర్చుని, రెండు చేతులూ తొడల కింద దాచుకున్నాడు. మిషను దగ్గర వీరవేణి. లంగావోణీ మీద నాన్న పాత చొక్కా. ఇనుము చుట్టలు చుట్టలుగా రాలుతోంది.

నన్ను చూసి స్విచ్చి కట్టేసింది.

"చూసేశారుగా. ఇంక డప్పు కొట్టండి."

సత్తియ్య చేతులు బయటికి తీశాడు. రెండూ వణుకుతున్నాయి. "రెండేళ్ళయింది బాబూ. పని మొత్తం పిల్లదే. షావుకార్లకి తెలిస్తే గోరంత పని కూడా ఇవ్వరు. పనుల్లేకపోతే షెడ్డు ఉంచరు."

ఏ మీటింగులో చూసినా "చెమట ఎవరిదో పేరు వాళ్ళదే" అని అరిచేవాణ్ణి. ఈ లేతు పనితనాన్ని రెండేళ్ళుగా పొగుడుతూ, చెమట ఎవరిదని ఒక్కసారీ అడగలేదు. అప్పుడైనా సిగ్గుపడి ఒకటిన్నర చాలు అనొచ్చుగా? అనలేదు. ఎవరికీ చెప్పనని మాటిచ్చి, మూడు కేజీలూ కోయించుకున్నాను.

తర్వాత బ్యాలెన్సింగు. రెండు ఇనప పట్టీలు రసమట్టం పెట్టి సరిచేసింది. చక్రానికి ఇరుసు దూర్చి వాటి మీద పెట్టింది. బరువున్న వైపు దానంతటదే కిందికి దొర్లుతుంది. అక్కడ సుద్దతో గుర్తు, డ్రిల్లుతో చిన్న గుంట, మళ్ళీ పరీక్ష. ఎక్కడ వదిలితే అక్కడే ఆగేదాకా ఇదే పని.

తలుపు మూసింది. ఫ్యాను ఆపేసింది. "మాట్లాడకండి. గాలి తగిలినా తిరుగుతుంది."

"అంటే నేను..."

"ఊపిరి కూడా అటు తిరిగి వదలండి."

అరగంట. నా జీవితంలో అంతసేపు నోరు మూసుకోవడం అదే మొదలు. చక్రానికి అటువైపు ఆమె, ఇటువైపు నేను. రేకుల మీద వాన. ఆమె కనుబొమ్మ మీద ఇనప రజను మెరుస్తోంది. సుద్ద గుర్తు మెల్లగా కిందికి వచ్చింది. రెండోసారి ఇంకా మెల్లగా. మూడోసారి కదల్లేదు. ఆమె తలెత్తి నా వైపు చూసింది. నా లోపల ఏదో ఒకవైపుకి దొర్లిపోయింది.

అప్పటిదాకా సత్తియ్యని బాబాయి అనేవాణ్ణి. ఆ పూట నుంచి సత్తియ్య గారు అనడం మొదలెట్టాను. బాబాయి కూతురు ఏమవుతుందో మీకు తెలుసుగా.

"ఏంటి, ఉన్నట్టుండి మా నాన్నకి ప్రమోషనిచ్చారు?" అని వీరవేణి అడిగింది. ఇనుము విషయంలోనే కాదు, అన్నిట్లోనూ చురుకే.

కారు ఎగిరింది. బుల్లిబాబు ఆ ఫియట్టుని బ్రిడ్జి మీద రెండుసార్లు దాటి, మూడోసారి దాటడానికి వెనక్కి వెళ్ళి మరీ వచ్చాడు. నేను కాలరెగరేసి, రోజూ ఏదో ఒక బోల్టు పట్టుకుని లేతు దగ్గరికి వెళ్ళేవాణ్ణి.

"నిన్నా ఇదే బోల్టు తెచ్చారు," అనేది.

"ఇది దాని తమ్ముడండీ."

"మొత్తం కుటుంబాన్ని ఒకేసారి తీసుకురండి. నాకు పనుంది."

శ్రావణం వచ్చింది. బుల్లిబాబు పెళ్ళి. పెనుగొండ నుంచి ఆడపెళ్ళివారు దిగారు. సాయంత్రం నాలుగింటికి పెళ్ళికొడుకుని ఊరేగింపుగా మండపానికి తీసుకెళ్ళాలి. డ్రైవర్ని నేనే.

బ్యాండు మొదలైంది. క్లచ్చి వదిలాను. కారు కప్పలా ఎగిరి, పెద్ద డోలు వాయించేవాణ్ణి వెనకనుంచి పొడిచి, ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేశాను. మళ్ళీ గెంతింది, మళ్ళీ చచ్చింది. బుల్లిబాబు బాసికం ముక్కు మీదికి జారింది. సన్నాయి వాళ్ళు కారు ఆగినప్పుడల్లా ఆగి, కదిలినప్పుడల్లా అందుకుని, చివరికి వెక్కిళ్ళు వాయించినట్టయింది. తొమ్మిదిసార్లకి పది గజాలు నడిచాం. ఆడపెళ్ళివారు మర్యాదస్తులు. కొంగులు అడ్డం పెట్టుకునే నవ్వారు.

జోగేశ్వరరావు గారు చెమటలు కక్కుతూ వచ్చారు. "ఏంట్రా ఇది? బండికేం పెట్టారు?"

ఎవడో అందించాడు: "ఆ లేతు పనేనండి. సత్తియ్య చేతులు వణుకుతున్నాయని చెప్పుకుంటున్నారు."

సత్తియ్య అక్కడే ఉన్నాడు. పక్కన వీరవేణి.

"సత్తియ్యా! నా కొడుకు పెళ్ళిలో నా పరువు తీశావు. రేపు షెడ్డు ఖాళీ చెయ్యి."

సత్తియ్య వణికే చేతులు జోడించాడు. వీరవేణి నన్ను చూసింది. తిట్టే చూపైతే తట్టుకునేవాణ్ణి. వీడు ఇప్పుడేం చేస్తాడా అని ఎదురుచూసే చూపు.

కారు దిగాను. ముందు బంపరెక్కాను. జీవితంలో నేనిచ్చిన అతి పొట్టి ఉపన్యాసం అదే.

"తప్పు నాది. ఒకటిన్నర కేజీ చాలని ఆవిడ చెప్తే, వినకుండా మూడు కొయ్యమన్నది నేను."

"ఆవిడెవరు?" అన్నారు జోగేశ్వరరావు గారు.

నోరు జారాను. మాటిచ్చిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

"నేనేనండి," అంటూ వీరవేణి జనంలోంచి ముందుకొచ్చింది. "రెండేళ్ళుగా లేతు నాదే. మీ రైసుమిల్లు షాఫ్టు కూడా నేనే చేశాను. తిరుగుతోందా, లేదా?"

ఆయన "తిరుగుతోంది," అన్నారు. నిజం ఒప్పుకోవడానికి ఆయన పంటినొప్పి వచ్చినట్టు బాధపడ్డారు. "అయితే ఇదీ నువ్వే బాగుచెయ్యి. పదహార్రోజుల పండక్కి కోడల్ని ఊరేగించాలి. అప్పటికి కారు నా నడకన నడవాలి. ఒక్కసారి ఆగిందా, షెడ్డు తాళం నా చేతికివ్వండి."

ఆ పూట పెళ్ళికొడుకుని మా సంఘం సభ్యులు పదకొండు మందీ మండపం దాకా తోశారు. మా ఉద్యమం ముందుకు నడిచిందంటే ఆ రోజే, నాలుగు ఫర్లాంగులు, షావుకారు గారి కొడుకుని మోసుకుంటూ.

కోసిన ఇనుము తిరిగి మొలవదు. ఆ కారుకి ఇంకో ఫ్లైవీలు దేశంలో ఎక్కడుందో దేవుడికే తెలియాలి. వీరవేణి రెండు రోజులు ఆలోచించి, కోసిన చోటికి సరిపోయేలా లేతు మీద ఉక్కు పట్టీ తీసింది. ఎడ్లబండి చక్రానికి ఇనప పట్టా ఎక్కించినట్టే ఎర్రగా కాల్చి ఎక్కించింది. మరలు బిగించి మళ్ళీ బ్యాలెన్సు చేసింది. నేను కొలిమి తిత్తి ఊదాను. నా స్థాయికి తగ్గ పని అదేనని అప్పటికి తెలిసొచ్చింది.

పండగ ముందురోజు పరీక్ష. "లోవరాజు నడిపితే దొంగతనంగా ఏక్సిలేటరు తొక్కుతాడు. పిల్లే నడపాలి," అన్నారు జోగేశ్వరరావు గారు. ఒక గంట నేర్పాను. ఇక రోడ్డు మీద ఆయన ముందు. ఒళ్ళు బరువు కాబట్టి ఆయన నడక పెళ్ళినడకకి తాతలాంటిది. వెనక కారు. కారు వెనక సత్తియ్య. కిటికీ పక్కన నడుస్తూ నేను.

కారు నడిచింది. ఏక్సిలేటరు మీద కాలు లేకుండా, దున్నపోతు ఇంటికి వచ్చినంత తాపీగా.

"వీరవేణి గారూ."

"రోడ్డు చూస్తున్నాను. పలకరించకండి."

"మీరు రోడ్డే చూడండి. నేను చెప్పేది వినండి చాలు. నాకు పొగరుంది. చదువు లేదు. ఒక పాత సైకిలుంది. మీ షెడ్డు నిలబడ్డా, పడిపోయినా, నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

కారు పాల డిపో దాటింది. రిక్షా స్టాండు దాటింది. ఆమె స్టీరింగు వదల్లేదు, తల తిప్పలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"నా పని నేనే చేస్తాను. మానమంటే ఊరుకోను."

"మానమంటే ఆ కొలిమిలో నన్నే పెట్టండి."

వెనకనుంచి సత్తియ్య గొంతు: "వినపడుతోందే అమ్మా. ఒప్పేసుకో, లేకపోతే ధవళేశ్వరం దాకా మాట్లాడతాడు."

"సరే," అంది వీరవేణి, రోడ్డు చూస్తూనే.

నా కాళ్ళు భూమికి అతుక్కుపోయాయి. కారు నన్ను దాటుకుని తాపీగా వెళ్ళిపోయింది. జోగేశ్వరరావు గారికి ఏదో అలికిడి తేడా వచ్చినట్టుంది, ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు.

"ఏంటయ్యా, ఆగిపోయిందా?"

"బండి కాదండి," అన్నాడు సత్తియ్య. "కుర్రాడు."