పదకొండో గుంత

"ముందు నన్ను పూడ్చేయండి. ఆ తర్వాత వేసుకోండి మీ రోడ్డు!"

ఆమె నాతో అన్న మొదటి మాట అది. నా జేసీబీ బకెట్‌కి ఎదురుగా, నడుములోతు గుంతలో నిలబడి ఉంది. రోడ్డు పడాల్సిన చోట వేల ఏళ్లనాటి గుంతలు బయటపడ్డాయట. పురావస్తు శాఖవాళ్లు వాటిని తవ్వి చూసేదాకా మా పని ఆగాలట. కూలీలు ఆమెకి అప్పుడే 'గుంతల మేడం' అని పేరు పెట్టేశారు.

"సగం తవ్వి సగం వదిలేశారేంటండీ? బద్ధకమా?" అన్నాను.

"అదే మా పద్ధతి డ్రైవర్ గారూ. మిగతా సగం గోడలా నిలబడుతుంది. ఏ మట్టి ముందు పడిందో, ఏది తర్వాతో ఆ గోడే చెబుతుంది. దాని బొమ్మ గీసుకున్నాకే ముట్టుకుంటాం."

"మట్టి చెబితే వింటారు, మేం చెబితే వినరు!"

ఆమె నవ్వింది. నా పని అయిపోయింది.

మూడు వారాలు ఆమె మట్టి నేనే మోశాను. "మెషిన్‌కి పని లేదు సరే, మీకూ లేదా?" అని ఏడిపించేది.

శుక్రవారం సాయంత్రం మబ్బు పట్టింది. పదకొండో గుంత ఒక్కటే మిగిలింది. "రేపు ఆఫీసర్ వస్తారు. ఈలోగా వానొచ్చి గోడ కూలితే కొంప మునిగినట్టే" అంది. వాడిపోయిన ఆ ముఖం చూడలేకపోయాను. రోజంతా అట్ట మీద ఏదో గీస్తూనే ఉంది కాబట్టి బొమ్మ అయిపోయిందనుకున్నాను.

పొద్దున్నే అందరికంటే ముందే వెళ్లి, మిగతా సగం పారతో తవ్వేశాను. దొరికిన కుండపెంకులు శుభ్రంగా కడిగి, మెచ్చుకుంటుందని ఎదురుచూశాను.

ఆమె వచ్చింది, చూసింది. తిట్టలేదు. గట్టు మీద కూలబడిపోయింది.

"నిన్న గీసింది పదో గుంతండీ."

చేతిలో పెంకు కింద పెట్టేశాను.

"ఈ గోడ చూసి నచ్చితే ఆఫీసర్ ఇంకో నెల గడువిస్తానన్నారు." తల దించుకుని, "నెల అడిగింది గుంత కోసమే కాదు" అంది.

ఆమెని ఇక్కడ ఉంచగలిగిన ఒక్క గోడనీ నేనే తవ్వి పారేశాను.

"వానకి కూలిందని చెబుదామా?"

"వాన పడలేదు కదండీ. రికార్డులో అబద్ధం రాయలేను."

ఆఫీసర్‌కి తప్పు నాదేనని చెప్పాను. ఆయన నిట్టూర్చి, సోమవారం గుంతలన్నీ పూడ్చేయమన్నారు. ఆమెని రెండు రోజుల ప్రయాణమంత దూరంలో ఇంకో తవ్వకానికి వేశారు.

పూడ్చే ముందు ప్రతి గుంతలోనూ ఆమె ఓ సీసా పెట్టింది. లోపల తేదీ వేసిన చీటీ. ఎప్పుడో మళ్లీ తవ్వేవాళ్లకి, ఇక్కడ ముందే తవ్వారని తెలియడానికి. పదకొండో సీసా మాత్రం నా చేతికిచ్చింది.

మిగతా చీటీల్లో 'తవ్వినది' అన్నచోట ఆమె పేరొక్కటే ఉంది. ఇందులో 'ఇద్దరం' అని ఉంది.

"మేడం, మీరంటే నాకు..."

"తెలుసండీ. పెంకులు కడిగిపెట్టినప్పుడే తెలిసింది. వాటిని అలా కడగకూడదు కూడా" అని నవ్వబోయి, ఏడ్చేసింది.

ఆమె ఎక్కిన జీపు వెళ్లిపోయాక వాన మొదలైంది. నేను జేసీబీ ఎక్కి, బకెట్ నిండా మట్టి ఎత్తి, పదకొండో గుంత దగ్గర చాలాసేపు ఆగాను. ఈసారి అడ్డంగా ఎవరూ నిలబడలేదు.