కార్బన్ పొరల్లో నీలి తునక

స్పోర్ట్స్ కార్ల బాడీలు తయారుచేసే ఫ్యాక్టరీలో, కార్బన్ గుడ్డ చుట్టలు దాచే ఫ్రీజర్ గదిలో, అచ్చుల మేస్త్రీ శవమై దొరికాడు. తలుపుకి బయటి నుంచి గడియ పెట్టి ఉంది. ఆయన కనుబొమలు మంచుతో తెల్లబడ్డాయి. బిగుసుకున్న పిడికిలి విప్పితే అందులో నీలిరంగు ప్లాస్టిక్ పొర తునక ఒకటి కనిపించింది. దాని అంచు చిరిగి ఉంది. మిగతా పొర ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

"గొడుగు తెచ్చావా?" అని అడిగాడు పెదనాన్న.

"వాన పడేలా ఉంది," అంది పిన్ని.

కోడ్ సరిపోయింది. పెదనాన్న ఆఫీసు గది తలుపు మూసుకుంది.

ఆ డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ అసలు పేర్లుండవు, అది గూఢచారి శాఖ మరి. చీఫ్‌ని అందరూ పెదనాన్న అంటారు. ఈమె పిన్ని. మిషన్ మీద వెళ్ళే ప్రతి ఏజెంటునీ తిన్నావా, స్వెట్టర్ పెట్టుకున్నావా, రాత్రి కలలో నువ్వు కనిపించావురా అని ప్రాణం తోడేస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చింది.

"ఇది గిజిగాడి పని," అన్నాడు పెదనాన్న. గిజిగాడంటే పక్షి కాదు, ఒక విదేశీ గూఢచారి ముఠా. "ఈ కారుకి వాడిన కార్బన్ గుడ్డనే మన యుద్ధవిమానాల రెక్కలకీ వాడబోతున్నాం. రేపు టెస్ట్ రన్. రక్షణమంత్రి స్వయంగా డ్రైవర్ పక్కన కూర్చుంటాడు. అందరి కళ్ళముందూ బాడీ ముక్కలైతే, ఆ కాంట్రాక్ట్ గిజిగాడి దేశం ఎగరేసుకుపోతుంది."

"ఆ కారు నడిపేది..." అంటూ పిన్ని కుర్చీలోంచి లేచింది.

"నీ కూతురే. అందుకే నిన్ను పంపుతున్నాను. ఆ కారుని నీ అంత అనుమానంగా ఇంకెవరూ చూడలేరు."

"రన్ ఆపించండి పెదనాన్నా, మీకు పుణ్యముంటుంది."

"ఆపితే వాళ్ళు జారుకుంటారు. రేపు ఇంకో కారు, ఎల్లుండి విమానం. లోపల మన మనిషి ఒకామె ఉంది. పెయింట్ సెక్షన్ హెడ్. పేరు మెరుపు. గిజిగాడికి పనిచేస్తున్నట్టు నటిస్తోంది."

"మన దగ్గర మాత్రం నటించడం లేదని మీకెవరు చెప్పారు?"

పెదనాన్న ఒక నల్ల గొడుగు ఆమె చేతిలో పెట్టి, "పిడి నొక్కితే కరెంట్ షాక్ కొడుతుంది. తడి చేత్తో ముట్టుకోకు," అన్నాడు.

"ముట్టుకుంటే ఏమవుతుంది?" అంది పిన్ని, ఒక అడుగు వెనక్కి వేసి.

*

మారువేషం కోసం ఆమె కష్టపడనక్కర్లేకపోయింది. ఇన్సూరెన్స్ సర్వేయర్‌నని ఇంట్లో ఏళ్ళ తరబడి చెబుతున్న అబద్ధమే ఇక్కడా పనికొచ్చింది. ఫోర్‌మన్ మర్నాడు ఆమెకి తెల్లకోటు తొడిగించి లోపలికి తీసుకెళ్ళాడు. పొడవాటి బల్లమీద నల్లగుడ్డ పరిచి ఉంది. దానికి రెండువైపులా నీలిపొర.

"చూడ్డానికి గుడ్డే అమ్మా. జిగురు ముందే పట్టించి వస్తుంది. బయట ఉంచితే పాడవుతుందని ఫ్రీజర్‌లో పెడతాం. నీలిపొర ఒలిచి, అచ్చులో పొరమీద పొర పరుస్తాం. పైన సంచి కప్పి గాలి లాగేసి, ఆటోక్లేవ్‌లో ఉడికిస్తాం. ఇనుముకంటే గట్టి. బానెట్ మొత్తాన్ని ఒంటిచేత్తో లేపొచ్చు."

"ఆటోక్లేవంటే ప్రెషర్ కుక్కర్ లాంటిదా?"

"అలాంటిదే. మనం లోపల నడవొచ్చు."

"అది పేలితే?"

ఫోర్‌మన్ ఆమెని ఎగాదిగా చూశాడు. "ఇన్సూరెన్స్ వాళ్ళందరూ ఇంతేనా అమ్మా? పొద్దున్నే శకునపక్షిలా!"

"పోనీ, నీలిపొర ఒలవడం మరిచిపోతే?"

ఈసారి ఫోర్‌మన్ నవ్వలేదు. "కొత్తగా చేరినవాళ్ళు చేసే తప్పు అది. పొరలు అతుక్కోవు. పైకి అద్దంలా మెరుస్తుంది, లోపల ఊడిపోయి ఉంటుంది. గాలి గట్టిగా కొట్టిందా, విస్తరాకులా విడిపోతుంది. మా మేస్త్రీ ప్రతి ప్యానెల్‌నీ నాణెంతో తట్టి చూసేవాడు. మంచిదైతే ఠంగుమంటుంది. పొర మిగిలిపోతే నానిన చెక్కని కొట్టినట్టుంటుంది." అతని కళ్ళు చెమర్చాయి. "ఫ్రీజర్‌లోకి ఎందుకెళ్ళాడో మహానుభావుడు."

పిన్నికి శవం పిడికిట్లోని తునక గుర్తొచ్చింది. మేస్త్రీ అంచు కోస్తుంటే ఏదో ప్యానెల్లో నీలిపొర బయటికి కనిపించి ఉంటుంది. లాగాడు. తునక చేతికొచ్చింది, మిగతాది లోపలే ఉండిపోయింది. అది చూసినవాళ్ళెవరో ఆయన్ని ఫ్రీజర్‌లోకి నెట్టి గడియ పెట్టారు. బాంబు లేదు, తూటా లేదు. ఇవాళ కారు తునాతునకలైతే, పనివాళ్ళెవరో మరిచిపోయారని లోకమంతా అనుకుంటుంది.

*

"అమ్మా! ఇక్కడికి కూడా వచ్చేశావా?" ట్రాక్ పక్కన గ్యారేజీలో హెల్మెట్ పట్టుకుని నిలబడ్డ కూతురు నెత్తి కొట్టుకుంది.

"డ్యూటీ చిట్టీ. నీకోసం కాదులే."

"నమ్మాను. ఇదిగో, ఈ వాకీటాకీ నీ దగ్గరుంచుకో. లేకపోతే ట్రాక్ మీదికి పరిగెత్తుకొస్తావు. బయల్దేరేముందు నేనే పిలుస్తా."

అది వాళ్ళింట్లో చట్టం. ప్రతి రన్‌కీ ముందు అమ్మ ఒకసారి భయపడాలి, కూతురు ఒకసారి విసుక్కోవాలి. ఆ తర్వాతే యాక్సిలరేటర్.

వెనక నుంచి అత్తరు వాసన గుప్పుమంది. ఎర్రటి పెదవులు, భుజాల దాకా జుట్టు, ఎత్తుమడమల చెప్పులు. మెరుపు పక్కకి వంగి, "డ్రైవర్ వైపు తలుపు. అందులోనే ఉంది. మా అమ్మమీద ఒట్టు," అని గుసగుసలాడి వెళ్ళిపోయింది.

పిన్ని నాణెం తీసింది. డ్రైవర్ తలుపు ఠంగుమంది. రెండో తలుపూ ఠంగుమంది. ఆమె బానెట్ వైపు జరిగేలోపే మంత్రిగారి అంగరక్షకులు వచ్చి పక్కకి నెట్టేశారు. మంత్రి ఎక్కి కూర్చున్నాడు. నారింజరంగు కారు స్టార్టింగ్ లైన్ వైపు మెల్లగా దొర్లింది.

అడక్కుండా ఒట్టుపెట్టేవాళ్ళని పిన్ని జన్మలో నమ్మలేదు. కొంగు దోపుకుని పెయింట్ సెక్షన్‌కి పరుగెత్తింది.

అక్కడ మనుషులెవరూ లేరు. తెర వెనక నారింజరంగు బానెట్ ఒకటి కొక్కేనికి వేలాడుతోంది. లోపలివైపు తనిఖీ ముద్ర, పక్కనే ఆ కారు నంబరు. తట్టి చూసింది. గుడిగంటలా మోగింది.

తనిఖీలో పాసైన బానెట్ ఇక్కడుంటే, కారుమీద ఉన్నదేమిటి?

వాకీటాకీ నోటిదాకా తెచ్చింది. మెడమీద ఏదో చల్లగా తగిలింది.

"లిప్‌స్టిక్," అంది మెరుపు. "లోపల గుండు ఒక్కటే. మీకది చాలు పిన్నిగారూ."

అప్పుడే వాకీటాకీ గరగరలాడింది. "అమ్మా, నేను రెడీ. చెప్పాల్సింది త్వరగా చెప్పెయ్. పక్కన మంత్రిగారు వింటున్నారు, పరువు తియ్యకు."

"మామూలుగా మాట్లాడు," మెరుపు చెవిలో బుసకొట్టింది. "ధైర్యం చెప్పి పంపించు. ఒక్క మాట తేడా వచ్చిందో, ముందు నువ్వు పోతావు."

పిన్ని కళ్ళముందు బానెట్ లేచి అద్దాన్ని బద్దలుకొట్టడం, ఆ గాజుముక్కలు, ఆ హెల్మెట్, అన్నీ కనిపిస్తున్నాయి. గుక్క తిప్పుకుని అంది: "ఏం కాదు చిట్టీ. నీ ఇష్టమొచ్చినంత స్పీడుగా పో."

వాకీటాకీలో ఇంజన్ హోరెత్తింది. కారు కదిలింది.

"ఏంటి? ఏమన్నావు?" అంది కూతురు.

"హాయిగా వెళ్ళు తల్లీ. నాకే బెంగా లేదు. నిశ్చింతగా ఉన్నాను."

టైర్లు కీచుమన్నాయి. హోరు ఒక్కసారిగా ఆగిపోయింది.

"సార్, దిగండి," అంది కూతురు గొంతు, వణుకుతూ. "కారణం తర్వాత చెప్తా, ముందు దిగండి. మా అమ్మకి ఏదో అయింది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ నోట ఆ మాట వినలేదు."

మెరుపు నోరు తెరిచింది. ఆ ఒక్క క్షణం చాలు. పిన్ని గొడుగు తిప్పి పిడి నొక్కింది. షాక్ రాలేదు. పిడితోనే మణికట్టు మీద ఒక్కటిచ్చింది. అది బాగానే తగిలింది. లిప్‌స్టిక్ పేలి, గుండు రంగు డబ్బాలోకి దూసుకుపోయింది. మెరుపు తేరుకునేసరికి, పిన్ని ఇటు పరుగెత్తడం చూసి, తన వాకీటాకీలో కూతురి మాటా విని వెంటనే వచ్చిన ఫోర్‌మన్ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

కారుమీది బానెట్‌ని విప్పించి, ముందు అంచు దగ్గర కోయించారు. నల్లని పొరల మధ్య నీలం మెరిసింది. మేస్త్రీ పిడికిట్లోని తునక దాని చిరుగుకి సరిగ్గా అతికింది. ఫోర్‌మన్ టోపీ తీశాడు.

అసలు బానెట్ బిగించారు. మంత్రి మళ్ళీ ఎక్కాడు, ఈసారి దండం పెట్టుకుని.

"గొడుగులతో కొట్టే ఇన్సూరెన్స్ ఏ కంపెనీది? ఇంటికొచ్చాక నీ పని చెప్తా," అంది వాకీటాకీలో కూతురు. "ఇప్పుడు చెప్పు, వెళ్ళనా?"

"బెల్టు సరిగ్గా బిగించావా? ఆ రెండో మలుపు నాకస్సలు నచ్చలేదు. పక్కనాయనతో కబుర్లు పెట్టుకోకు. అసలు అంత స్పీడు ఎందుకే, మెల్లగా పోతే ఎవరైనా కొడతారా?"

"హమ్మయ్య," అంది కూతురు మంత్రితో, "కారు బాగానే ఉంది సార్." యాక్సిలరేటర్ తొక్కింది.