నాలుగు చోట్ల ఆపిన కరెంటు

ఆ మెకానిక్‌ని అందరూ డౌటు అనే పిలుస్తారు. ఏ బండి తెచ్చి ముందు పెట్టినా, "ఒక డౌటండీ..." అనందే స్పానర్ పట్టడు. బండి నడుస్తున్నా డౌటే, ఆగిపోయినా డౌటే. షెడ్డుకి తాళం వేసి నాలుగడుగులు వేశాక వెనక్కొచ్చి ఆ తాళం లాగి చూసుకునే రకం. కానీ ఏమాటకామాటే చెప్పుకోవాలి, అతని చేతిలో పడ్డ బండి బాగవకుండా వెళ్ళిన దాఖలా లేదు.

ఆ మధ్యాహ్నం షెడ్డులోకి దిగింది పరాయివాళ్ళ బండి కాదు, అక్కది. నాలుగు లావుపాటి చక్రాల క్వాడ్ బైక్. సెకండ్ హ్యాండ్‌లో కొంది.

అమ్మ పోయాక అతన్ని పెంచింది అక్కే. ఇళ్ళన్నీ దాటాక ఉన్న ఏటవాలు మీద ఆమెకి అరవై తేనెపెట్టెలున్నాయి. కిందటేడు మోకాలు విరిగినప్పటి నుంచీ అక్కడికి ఎక్కలేకపోతోంది. పనికి పెట్టుకున్నవాళ్ళు తేనెటీగలకి భయపడి రెండో రోజే మానేస్తున్నారు. పెట్టెలు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి.

"ఈ బండి కదిలిందా, నేను పైకెళ్తాను. కదల్లేదా, మిగిలినవి ఎవరికైనా ఇచ్చేసి ఇంట్లో కూర్చుంటాను. నీ ఇష్టం ఇంక," అంది అక్క, చేతికర్ర గోడకి ఆనించి. అప్పుడే పైకెళ్ళేదానిలా, ఈగలు కుట్టకుండా వేసుకునే బూడిదరంగు కోటు కూడా తొడుక్కుని వచ్చింది.

బుద్ధెరిగాక అక్క నోరు తెరిచి అతన్ని అడిగింది ఇదొక్కటే.

"ఒక డౌటక్కా," అన్నాడు బండి చుట్టూ తిరుగుతూ. "ఇంత బాగున్న బండిని దీని పాత ఓనరు ఎందుకు అమ్మినట్టు?"

"మొదలెట్టావూ? స్టార్ట్ అవట్లేదని అమ్మాడు."

"స్టార్ట్ అవకపోతే బాగు చేయించుకుంటారు గానీ అమ్ముకుంటారా? మనిషెలా ఉన్నాడు?"

అక్క కాస్త తటపటాయించింది. "మంచాయనే. ట్రాలీ ఎక్కించేటప్పుడు మాత్రం చెయ్యి వెయ్యలేదు. దూరంగా నిలబడి ఒక పొడుగాటి వాసంతో తోశాడు. నడుంనొప్పేమో పాపం."

నడుంనొప్పి ఉన్నవాడు వాసం పట్టుకుని తోస్తాడా అన్నది డౌటుగారి రెండో డౌటు. పైకి అనలేదు. అంటే అక్క తిడుతుంది.

బటన్ నొక్కితే ఇంజన్ గిరగిరా తిరుగుతోంది గానీ అంటుకోవడం లేదు. స్పార్క్ ప్లగ్ విప్పి చూస్తే పెట్రోలుతో తడిసి ఉంది. అంటే పెట్రోలు వస్తోంది, కరెంటే రావడం లేదు. ఇలాంటప్పుడు ప్లగ్‌ని వైరుకి తగిలించి ఇంజన్ ఇనుముకి ఆనించి పట్టుకోవాలి. ఇంకొకరు బటన్ నొక్కితే కొన దగ్గర నీలంగా రవ్వ ఎగరాలి. పాత బండ్లలో ఆ రవ్వ సన్నగా ఉంటుంది, వెలుతుర్లో కంటికి ఆనదు. అందుకని డౌటుకి ఒక పద్ధతి ఉంది. షట్టర్ నేల దాకా దించేసి, లైటార్పేసి, కటిక చీకట్లో చూస్తాడు.

అక్కని సీటు మీద కూర్చోబెట్టాడు. లైటార్పి, తడుముకుంటూ వచ్చి ఇంజన్ పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"నొక్కక్కా."

ఇంజన్ తిరిగింది. రవ్వ లేదు.

లైటు వేసి వెతికితే హ్యాండిల్ కింద దొరికింది సంగతి. ఇంజన్ ఆపే స్విచ్ వైరుని ఎవరో గీకి, బండి ఫ్రేముకి చుట్టేసి, పైన టేపు వేశారు. ఆ టేపు ఎండిపోయి, ముట్టుకుంటే పొడి రాలుతోంది.

"ఇది పాడవడం కాదక్కా. ఎవరో కావాలని చేశారు."

"దొంగల భయంతో చేసుకునుంటార్లే. నీకన్నీ అనుమానాలే."

అదీ నిజమే కావచ్చు. వైరు విడదీసి మళ్ళీ చీకటి చేశాడు. రవ్వ లేదు. ఈసారి ప్లగ్‌కి కరెంటు పంపే కాయిల్ దగ్గర దొరికింది. రెండు పిన్నుల మధ్య చిన్న ప్లాస్టిక్ ముక్క దూర్చి, పైన టేపు చుట్టారు. ఈ టేపు అంత పాతది కాదు. దాన్నీ తీశాడు. చీకటి. రవ్వ లేదు. మూడోది ప్లగ్ టోపీలో. వైరు దూరే వైపంతా జిగురు పోసి రాయిలా గట్టిపడనిచ్చారు.

"దొంగల కోసం ఇన్ని తాళాలా?" అన్నాడు టోపీ మారుస్తూ. "ఇంటికి కూడా ఎవడూ ఇన్ని వెయ్యడు."

అక్క నవ్వింది. "నువ్వు వేస్తావుగా!"

నాలుగోసారి లైటార్పాడు. చీకట్లో ఈసారి ఏదో వాసన తగిలింది. తడిసిన దుప్పటి మడతల్లో మగ్గితే వచ్చే వాసన. షెడ్డులో తడిసిందేదీ లేదు. వారం రోజులుగా ఎండలు మాడ్చేస్తున్నాయి. కుడిచేతిలో ప్లగ్, ఎడంచేత్తో ఫ్రేము పట్టుకుని చెవులు రిక్కించాడు. ఏమీ వినపడలేదు...

"నొక్కక్కా," అన్నాడు గొంతు తగ్గించి.

ఇంజన్ తిరిగింది. రవ్వ రాలేదు.

"నొక్కుతూనే ఉన్నాగా," అంది అక్క చీకట్లోంచి. "భుజం ఎందుకురా అంత గట్టిగా పట్టుకుంటావ్?"

డౌటు రెండు చేతులూ ఇంజన్ దగ్గరే ఉన్నాయి.

లేచి ఒక్క ఉదుటున లైటు వేశాడు. సీటు మీద అక్క ఒక్కతే ఉంది, వెలుగుకి కళ్ళు చిట్లించుకుని.

"నీ చెయ్యి అంత చల్లగా ఉందేంట్రా?"

చెప్పేద్దామనుకున్నాడు. ఏం చెప్పాలి? చెబితే దిగిపోతుంది. దిగితే మళ్ళీ ఇంట్లో కుర్చీయే గతి. కంటికి కనపడిందీ లేదు, చెవికి వినపడిందీ లేదు. "ఇనుము ముట్టుకున్నానుగా..." అని నసిగాడు. అక్కతో అబద్ధం ఆడాననే బాధ ఒకటి, భయం ఒకటి.

నాలుగోది ఇంజన్ ఎడంపక్క మూత వెనక ఉంది. అక్కడి సన్నవైరుని కట్టర్‌తో కత్తిరించలేదు. చేత్తో పీకేశారు, కంగారులో పీకినట్టు. తెగిన చోట రాగి తళతళలాడుతోంది. నిన్నో మొన్నో జరిగిన పని. ఎవరు పీకారో గానీ, ఇంకో నిమిషం ఆగే ధైర్యం లేక పీకారనిపించింది.

వైరు అతికాడు. చీకటి చేశాడు.

"నొక్కు..."

రవ్వ! నీలంగా, చిటచిటమంటూ. వెలుగు, చీకటి. వెలుగు, చీకటి. ఒక వెలుగులో అక్క మొహం, చిన్నపిల్లలా నవ్వుతూ. ఇంకో వెలుగులో అక్క కోటు భుజం... లోపలికి నొక్కుకుపోయి ఉంది.

లైటు వేసేసరికి కోటు మామూలుగానే ఉంది. ప్లగ్ బిగించాడు. ఒక్క నొక్కుకి ఇంజన్ అందుకుంది. అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. షట్టర్ ఎత్తగానే, "ఒక్క రౌండేరా!" అంటూ, అతను ఆగమనేలోపే వీధి మలుపు తిరిగేసింది.

గుమ్మంలో నిలబడి చేతులు తుడుచుకుంటుంటే అప్పుడు వచ్చింది అసలు డౌటు. బండి ఆపాలంటే ఒక్క వైరు చాలు. నాలుగెందుకు? ఒకటి పాత టేపు, ఒకటి కాస్త కొత్తది, చివరిది నిన్నటిది. మొదటిది చేశాక కూడా బండి ఆగి ఉండదు. అందుకే రెండోది. అదీ చాలక మూడోది...

"అక్కా!" అని అరిచాడు. వీధిలో ఎవరూ లేరు. ఉన్నట్టుండి మబ్బు కమ్మి వాన మొదలైంది.

అరగంట. ఆ అరగంటలో డౌటు మొక్కని దేవుడు లేడు. చివరికి మలుపులో శబ్దం వినపడింది. అక్క తడిసి ముద్దై, నవ్వుకుంటూ లోపలికొచ్చింది.

"పైదాకా వెళ్ళొచ్చానురా! పదకొండు పెట్టెలు బతికే ఉన్నాయి. మూతల మీద చెయ్యి పెడితే లోపల ఈగల రొద!"

ఆమె దిగీ దిగకముందే డౌటు కటింగ్ ప్లయర్ తీసుకుని బండి మీద పడ్డాడు. వైరు, టోపీ, కాయిల్, ఏది చేతికందితే అది కత్తిరించాడు.

"పిచ్చెక్కిందా నీకు!"

"ఈ బండి వద్దక్కా. నీ కాళ్ళు పట్టుకుంటాను. రేపటి నుంచి నేనే నిన్ను వీపున మోసుకెళ్తాను. ఈ బండి మాత్రం వద్దు."

ఏడాది తర్వాత ఆ పూట అక్క మొహంలోకి వచ్చిన నవ్వు కళ్ళముందే ఆరిపోయింది. "నీ అనుమానాలతో నువ్వే బతుకు," అని చేతికర్ర తీసుకుని వానలోకి నడిచింది.

తిడితే తిట్టిందిలే, ప్రాణాలతో ఉంది, అదే పదివేలు అనుకున్నాడు. ఇన్ని తెగాక బండి ఇక కదలదు. ఊపిరి వదిలి, వెళ్తున్న అక్కని చూశాడు.

ఆమె బూడిదరంగు కోటు నానిపోయి నల్లబడింది. వీపు మాత్రం పొడిగా, పాత రంగులోనే ఉంది. ఆ బండికి వెనక ఆనుకోవడానికి ఏమీ లేదు. వీపు నుంచి రెండు పొడి చారలు నడుం చుట్టూ ముందుకి వెళ్ళాయి, చేతుల మందాన.

అక్క వీధిలో కుంటుకుంటూ వెళ్తోంది. గొడుగు లేదు. వాన ఇంకా జోరందుకుంది. ఆ చారలు మాత్రం తడవడం లేదు.