శుక్రుడు అడ్డొచ్చిన కాపురం

పెళ్లయిన గంటన్నరకే నమ్రతను ఆమె మొగుడు తీసుకెళ్లి వేరే ఇంటి ముందు దించేశాడు.

"బై" అన్నాడు.

"బై ఏంటి? పెళ్లాన్ని దింపేటప్పుడు కనీసం ఓ మంచి మాట చెప్తారు ఎవరైనా."

అనూప్ కాస్త ఆలోచించాడు. "మెట్ల మీద ఐస్ ఉంది. స్లోగా నడువు."

తొలిరోజు సరసం అంతకంటే ముందుకు సాగే వీల్లేదు. వెనక సీట్లో అనూప్ నానమ్మ చాముండేశ్వరి గారు కూర్చుని ఉన్నారు. డెబ్బై ఎనిమిదేళ్ల ఆవిడ, రెండు శాలువాలు కప్పుకుని, స్టవ్ మీద పాలు పొంగకుండా చూసుకునేంత శ్రద్ధగా కొత్త దంపతులను చూస్తున్నారు.

పొద్దున కౌంటీ కోర్టులోనూ ఇదే వరస. జడ్జి చిరునవ్వుతో "ఇక వధువును ముద్దు పెట్టుకోవచ్చు" అన్నాడు. అనూప్ అర అడుగు ముందుకు వేశాడో లేదో, మొదటి వరసలోంచి ఓ దగ్గు వినిపించింది. ఆ దగ్గుకి పెళ్లికొడుకే కాదు, జడ్జి కూడా సర్దుకుని నిలబడ్డాడు.

"ఇది సర్కారు వారి పెళ్లి, కాయితాల కోసం" అని తేల్చేశారావిడ. "మెడలో మూడు ముళ్లు పడ్డాకే కాపురం."

చిక్కల్లా ఏమిటంటే, ఆ మూడు ముళ్లకి ముహూర్తం లేదు. అది 2009 డిసెంబరు మొదటివారం. ముందు శుక్రమౌఢ్యం, దాని వెనకే గురుమౌఢ్యం, అదీ దాటితే అధికమాసం. పంతులుగారు పంచాంగాన్ని ముందుకీ వెనక్కీ తిప్పి, మే ఇరవై మూడు దాకా ఎవరూ కదలడానికి లేదన్నారు.

అన్నాళ్లు ఆగడానికి నమ్రత వీసా ఒప్పుకోదు.

డెట్రాయిట్ దగ్గర నోవైలో కార్ల సీట్లకి క్రాష్ టెస్టులు చేసే ఓ కంపెనీలో ఇంజనీరు ఆమె. ఆ ఏడాది ఎవరి బల్ల ఎప్పుడు ఖాళీ అవుతుందో ఎవరికీ తెలిసేది కాదు. అక్టోబర్లో ఆమె వంతు వచ్చింది. ఉద్యోగం పోతే వీసా కూడా పోయినట్టే. అట్టపెట్టెలో సామాను సర్దుకుని పార్కింగ్ లాట్‌లోకి వచ్చేసరికి, కబురు విని అనూప్ అక్కడ నిలబడి ఉన్నాడు. మిషిగన్‌లోనే పుట్టి పెరిగినవాడు, తెలుగు అంతంత మాత్రం. తండ్రి విశ్వనాథం గారు పేరున్న డాక్టరైనా, తనేమో హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పుకుంటాడు. కమ్యూనిటీ సెంటర్లో బ్యాడ్మింటన్ ఆడుతూ, షటిల్ గీత మీద పడిందా బయట పడిందా అని దెబ్బలాడుకున్నప్పటి నుంచి ఇద్దరికీ స్నేహం.

ఆ పార్కింగ్ లాట్‌లో అతనన్న మాట ఇదీ: "లెట్స్ గెట్ మ్యారీడ్. వీసా ప్రాబ్లమ్ సాల్వ్ అయిపోతుంది."

కుళాయి కారుతుంటే ప్లంబర్‌ని పిలుద్దాం అన్నట్టే ఉంది.

నమ్రత సరే అంది. ఏడాదిన్నరగా ఆ సరే ఆమె నోట్లో నానుతూనే ఉంది మరి. కానీ ఆ రోజు నుంచి ఓ ముల్లు కూడా లోపల దిగబడిపోయింది. ఉద్యోగం పోకపోయి ఉంటే అడిగేవాడా? ప్రేమించి చేసుకున్నాడా, జాలిపడి చేసుకున్నాడా? నోరు తెరిచి అడగొచ్చు. అడగడంలో గుంటూరు అమ్మాయికి భయమేముంది? అడిగి చెప్పించుకున్న ప్రేమ తనకి అక్కర్లేదు, అంతే.

గ్రీన్ కార్డు ఫారాలన్నీ అనూప్ తనే నింపాడు. లాయర్ ఎందుకన్నాడు. "నేను ఫిజిక్స్ టీచర్‌ని. నాకు ఫారం రాదా?" భర్త అడ్రసు దగ్గర తల్లిదండ్రుల ఇల్లు రాశాడు. భార్య అడ్రసు దగ్గర, నమ్రత తన స్నేహితురాలు లక్ష్మీప్రియతో కలిసి ఉంటున్న అపార్ట్‌మెంట్ రాశాడు. ఉన్నది ఉన్నట్టు రాశానని మురిసిపోయి, కవరు మీద స్టాంపులు కూడా వరసగా అంటించాడు.

ఆ చలికాలమంతా వాళ్ల కాపురం శనివారాలకే పరిమితమైంది. మధ్యాహ్నం అత్తగారింట్లో భోజనం. సోఫాలో ఓ చివర నమ్రత, మరో చివర అనూప్, మధ్యలో నానమ్మగారు. రాత్రి ఎనిమిది కొట్టేసరికి పెళ్లాన్ని భద్రంగా దింపేసి రావాలి.

"నానమ్మా, ఒక్క మూవీకి వెళ్తాం" అన్నాడు అనూప్ ఓసారి.

"వెళ్లండి. నేనూ వస్తాను. నాకూ పొద్దుపోవడం లేదు."

వెళ్లారు. ఆవిడ ఇద్దరి మధ్య కూర్చుని పాప్‌కార్న్ మొత్తం తినేశారు.

"ఒక్క మాట చెప్పలేవా ఆవిడకి?" అని కార్లో నిలదీసింది నమ్రత. బయట మంచు కురుస్తోంది. వైపర్లు ఆగకుండా తుడుస్తున్నాయి.

"చెప్పలేను."

"ఎందుకు?"

"మే ట్వెంటీ థర్డ్. అంతే కదా. ఎంత దూరం ఉంది?" అని నవ్వాడు. ఆ నవ్వు చూస్తే కోపం నిలవదని ఆమె కిటికీ వైపు తిరిగింది. నిజంగా ప్రేమించినవాడికి ఇంత ఓపిక ఎక్కడినుంచి వస్తుంది? ముల్లు ఇంకాస్త లోపలికి దిగింది.

మార్చి చివర్లో ఇమిగ్రేషన్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఏప్రిల్ పద్నాలుగున డెట్రాయిట్‌లో ఇంటర్వ్యూ. భార్యాభర్తలిద్దరూ రావాలి. వంటింట్లో టీ పెడుతూ ఫారాల నకలు చూసిన లక్ష్మీప్రియ గరిటె కింద పడేసింది. ఆమెది కరీంనగర్. ఇమిగ్రేషన్ కథలు వందైనా విని ఉంటుంది.

"గిదేందే నమ్రతా! మొగనిదో అడ్రసు, పెళ్లాందో అడ్రసా? పిచ్చి లేసిందా మీకు?"

"నిజమే రాశాం కదక్కా."

"నిజం నానమ్మకు ముద్దు, ఆఫీసరుకు గాదు. దొంగ పెండ్లి అనుకుంటరు. కార్డు ఇయ్యకపోతే ఏం జేస్తవ్? ఉద్యోగం లేదాయె, వీసా లేదాయె. గుంటూరు విమానం ఎక్కుడే! ఆఖరుకు మే ముహూర్తం కూడా పాయె."

నమ్రత వంగి, కింద పడిన గరిటె తీసింది.

"ఒక పని చెయ్" అంది లక్ష్మీప్రియ గొంతు తగ్గించి. "నాలుగు చీరలు, ఓ టూత్ బ్రష్ ఆళ్లింట్ల పెట్టి ఫొటోలు తియ్. జనవరి నుంచి ఆడనే ఉంటున్న అని చెప్పు. ఎవరొచ్చి చూస్తరు?"

ఆ సాయంత్రం ఫోన్‌లో ఈ సలహా చెప్పింది నమ్రత.

"నీ చాయిస్" అన్నాడు అనూప్. "కార్డు నీది. నువ్వు ఎలా చెప్తే అలా."

"అబద్ధం చెప్పి తెచ్చుకున్న కార్డు రోజూ పర్సులో పెట్టుకుని తిరగలేను" అంది నమ్రత. "నిజమే చెబుదాం. నమ్మితే నమ్ముతారు."

గొప్పగా అనేసింది కానీ ఆ వారం అన్నం సహించలేదు.

ఏప్రిల్ పద్నాలుగున వాన. ఆఫీసులో చిన్న గది, బల్ల వెనక యాభై దాటిన ఆఫీసరమ్మ, ముక్కు మీదికి జారిన కళ్లజోడు. ఇద్దరి చేతా కుడిచేయి ఎత్తించి, అంతా నిజమే చెబుతామని ప్రమాణం చేయించింది. ఫైలు తెరిచింది. పేజీలు తిప్పుతూ ఓ చోట ఆగిపోయింది.

"పెళ్లయి నాలుగు నెలలు. ఇద్దరూ ఒకే ఊళ్లో ఉన్నారు. మరి వేర్వేరు ఇళ్లలో ఎందుకు?" అని అడిగింది ఇంగ్లీషులో.

అనూప్ గొంతు సవరించుకున్నాడు. "శుక్రగ్రహం వల్ల, మేడమ్."

ఆమె కళ్లజోడు తీసేసింది.

క్లాసులో పాఠం చెప్పినట్టే చెప్పాడు అనూప్. కాగితం మీద సూర్యుణ్ణి గీశాడు. శుక్రుడు సూర్యుడికి మరీ దగ్గరగా వెళ్లి కనబడకుండా పోవడం గీశాడు. తర్వాత గురుడు అదే పని చేశాడన్నాడు. ఆపైన ఈ ఏడాదికి ఒక నెల ఎక్కువొచ్చిందన్నాడు. అవన్నీ అయ్యేదాకా తమ పద్ధతిలో పెళ్లి జరగదని, జరిగేదాకా కలిసి ఉండకూడదని వివరించాడు.

"అంటే గ్రహాలు వద్దన్నాయని మీ భార్యతో ఉండటం లేదా?"

"గ్రహాలు, మా నానమ్మ" అన్నాడు అనూప్. "ఎక్కువగా మా నానమ్మే."

ఆమె నవ్వలేదు. కలం మూత పెట్టేసింది. అది చూసి నమ్రతకు మొండితనం వచ్చింది. కుర్చీ ముందుకి జరుపుకుంది.

"మేడమ్, ఒక్క మాట. మేం మోసం చేయాలనుకుంటే మొదటి రోజే ఒక అడ్రసు రాసేవాళ్లం కదా? కరెంటు బిల్లు ఇద్దరి పేరా పెట్టించుకునేవాళ్లం. దొంగ పెళ్లి చేసుకునేవాళ్లు అన్నిటికంటే ముందు చేసేది అదే. పెద్దావిడ మాట కాదనలేక నాలుగు నెలలు విడిగా ఉండి, ఆ సంగతి మీకే రాసిచ్చాం. ఇంత తెలివితక్కువ పని నిజమైన పెళ్లివాళ్లు తప్ప ఎవరూ చేయరు."

ఆఫీసరమ్మ ఆమెకేసి కాసేపు చూసింది. మళ్లీ కలం మూత తీసింది. కానీ ఈసారి అనూప్ వైపు తిరిగింది.

"అది ఒప్పుకుంటాను. అయితే మరో ప్రశ్న. అక్టోబర్లో ఈమె ఉద్యోగం పోయింది. డిసెంబర్లో పెళ్లి. ఉద్యోగం పోయినందుకే అడిగారా?"

జవాబు కోసం ఆఫీసరమ్మ కంటే నమ్రతే ఎక్కువ ఎదురుచూసింది. ఆర్నెల్లుగా తాను అడగలేకపోయిన మాట, ప్రమాణం చేయించి మరీ ఇంకెవరో అడిగారు.

"అవును" అన్నాడు అనూప్.

నమ్రత ఒళ్లో ఉన్న తన చేతులకేసి చూసుకుంది.

"అంటే... ఆ రోజు అడగడానికి కారణం అదే. లేకపోతే ఇంకా లేట్ అయ్యేది. జూలై నుంచి మా నానమ్మ దగ్గర తెలుగు నేర్చుకుంటున్నాను, రోజూ గంటసేపు. వీళ్ల అమ్మానాన్నలతో తెలుగులో మాట్లాడాలని. ముందు ఈమెను తెలుగులో అడగాలని. ఇంగ్లీషులో అడిగితే పిజ్జా ఆర్డర్ ఇచ్చినట్టు ఉంటుందని నానమ్మ అంది. అక్టోబర్‌కి సగం పుస్తకమే అయింది. ఈలోగా ఉద్యోగం పోయింది. వెళ్లిపోతుందేమోనని భయమేసింది. నోటికొచ్చింది అనేశాను. నిజంగానే పిజ్జా ఆర్డర్ ఇచ్చినట్టు." అతని చెవులు ఎర్రబడ్డాయి. "అందుకే నానమ్మకి ఎదురు చెప్పలేను, మేడమ్. ఆవిడ నా టీచర్."

"పుస్తకం పూర్తయిందా?"

"పోయిన వారం."

"అయితే ఇప్పుడు అడగండి."

"ఇక్కడా? తెలుగులోనా? మీకు అర్థం కాదు కదా."

"నాకు కానక్కర్లేదు. నేను ఆమె మొహం చూస్తాను."

అనూప్ కుర్చీ ఇటు తిప్పాడు. ఇన్నాళ్లలో అతను అంత భయపడటం నమ్రత చూడలేదు.

"నమ్రతా. ప్రతి శనివారం నిన్ను దింపేసి వస్తాను కదా. అప్పుడు నీ సీటు హీటర్ నేను ఆపడు. ఇంటిదాకా ఆన్‌లోనే ఉంచుతాను. చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగా ఉంటుంది. నువ్వు ఇంకా కూర్చుని ఉన్నట్టే ఉంటుంది. నీకు వీసా ఉన్నా, లేకపోయినా, నువ్వు ఇక్కడున్నా, గుంటూరులో ఉన్నా, నాకు ఆ సీట్లో నువ్వే కావాలి. నీకంటే ముందు ఇంకెవర్నీ అడగలేదు, తర్వాత అడగను." ఊపిరి పీల్చుకున్నాడు. "నన్ను పెళ్లి చేసుకుంటావా, తల్లీ?"

ఆ తల్లీ దగ్గర నమ్రతకు నవ్వొచ్చింది. నవ్వుతూ ఉండగానే కళ్లు నిండిపోయి, నీళ్లు చెంపల మీదికి కారాయి. ఎన్నాళ్లుగానో గుచ్చుకుంటున్న ముల్లు ఎప్పుడు ఊడిపోయిందో ఆమెకే తెలియలేదు. ఆ నిమిషంలో ఉన్నంత సుఖంగా ఆమె ఎప్పుడూ లేదు.

ఆఫీసరమ్మ టిష్యూ డబ్బా ముందుకు తోసింది. "ఏమన్నాడు?"

"కారు హీటర్ గురించి చెప్పాడు" అంది నమ్రత ముక్కు తుడుచుకుంటూ.

"ఇరవై రెండేళ్లుగా ఈ కుర్చీలో ఉన్నాను. హీటర్ గురించి విని ఏడ్చినవాళ్లని ఇదే చూడటం." ఫైలు మీద గట్టిగా ఓ ముద్ర వేసింది. "కార్డు పోస్టులో వస్తుంది. రెండేళ్లకే ఇస్తాం. ఆ తర్వాత మళ్లీ ఫారాలు రాయాలి. అప్పటికి మాత్రం అడ్రసు ఒకటే ఉండాలి. ఏ గ్రహం అడ్డొచ్చినా సరే."

పార్కింగ్ లాట్‌కి చేరేసరికి ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. గొడుగు ఉన్న సంగతి ఇద్దరికీ గుర్తు లేదు. కారు తలుపు వేశారో లేదో అనూప్ ఫోన్ మోగింది. స్పీకర్‌లో పెట్టాడు.

"ఒరే, కార్డు సంగతి తర్వాత. అడిగావా?" చాముండేశ్వరి గారు.

అనూప్ నోరు తెరిచేలోగా నమ్రత అందుకుంది. "అడిగాడు, నానమ్మగారూ."

"తప్పుల్లేకుండానేనా?"

"రెండు తప్పులు."

"రెండేనా? ఫరవాలేదు, పాసయ్యాడు. మరి నువ్వేమన్నావు?"

నమ్రత పక్కకి తిరిగి చూసింది. తడిసిన జుట్టు నుదుటికి అంటుకుని, స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి, పరీక్ష ఫలితం కోసం కూర్చున్న కుర్రాడిలా అతను ఆమెనే చూస్తున్నాడు.

"మళ్లీ చెప్పమన్నాను" అంది.