వేలు చూపేవాడు

ఆ ఉదయం మబ్బు రైలు వంతెన మీదికి దిగి, కదలకుండా నిలిచింది. వాన లేదు, వెలుగూ లేదు. కుసామోరి స్టేషన్ తూర్పు గేటు దగ్గర తవిటినాయుడు మొదటి ప్రయాణికుడి వైపు వేలు చాచి "సరి" అన్నాడు. గేటు తెరుచుకుంది.

గేటు ముందరి నేల ప్రతి మనిషి నడకను చదివేది. తేడా ఉంటే పైనున్న గాజుకన్ను పసుపుగా వెలిగేది. అయినా యంత్రం మాటొక్కటే చెల్లదు. మనిషి వేలు చూపాలి, పైకి పలకాలి. "శంక" అంటే ఆ మనిషికి గేట్లే కాదు, చుట్టుపక్కల వీధుల్లో దుకాణాలు, అద్దెగదులు అన్నీ మూతపడేవి. అలాంటివాళ్లు వంతెన కింద ఉండేవారు. ఏం తింటున్నారని ఎవరూ అడిగేవారు కాదు.

వాళ్లకు తిండి ఎవరి చేత వెళ్తోందో తవిటినాయుడికి అనుమానం ఉంది. ప్లాట్‌ఫారం మీద నూడుల్స్ కొట్టు నడిపే ముసలామె హత్సుయె పొద్దున తెచ్చే డబ్బా, కొట్టు కట్టేశాక కూడా అంతే బరువుగా వెళుతోంది. ఆమె కుడి భుజం వంగడం అతను చూశాడు.

"ముసల్దాన్ని అలా చూత్తన్నావేట్రా, పెళ్లిచూపుల్లాగ?" అంది పక్క గేటు అసిరమ్మ. అతనిలాగే పని కోసం ఈ దేశం వచ్చిన పార్వతీపురం మనిషి. అతను ఆమెను అక్క వరసలో అప్ప అని పిలుస్తాడు, కానీ నమ్మడు. గేటువాళ్లలో ఒకరి మీద ఒకరు చెప్పేవాళ్లున్నారు.

మధ్యాహ్నం కొట్టు కట్టేసి హత్సుయె గేటులో అడుగుపెట్టగానే కన్ను పసుపైంది. వెనక వరుస ఆగింది. ఆమె డబ్బాను రెండో చేతికి మార్చుకుంది. శంక అంటే కొట్టు పోతుంది, వంతెన కింద పొయ్యీ ఆరుతుంది. సరి అంటే అబద్ధం. అబద్ధపు గొంతును యంత్రం పట్టేస్తుంది, అతని బదులు వేలు చూపమని వెంటనే అసిరమ్మను పిలుస్తుంది.

అతను వేలెత్తాడు. మెల్లగా తన రొమ్ము వైపు తిప్పుకున్నాడు.

"శంక."

గొంతులో అబద్ధం లేదు. యంత్రం ఒప్పుకుంది. తర్వాత అతను చూపిన పాత లెక్కలన్నీ తిరగేసింది. ఈ వేలు శంకితుడిదని, ఇది చూపిన శంకలన్నీ రద్దని చివరికి ప్రకటించింది. చూపేవాడు లేని గేటు మూయకూడదన్నది నియమం; అది తెరుచుకుని అలాగే ఉండిపోయింది. హత్సుయె దాటింది. వెనక వరుసంతా దాటింది.

"ఏటి చేసినావురా?" అసిరమ్మ గొంతు తగ్గించింది.

"ఉన్నదే చెప్పినాను, అప్పా."

అతని గది అప్పటికే మూతపడింది; వంతెన వైపు నడిచాడు. వంతెన కింద హత్సుయె డబ్బా విప్పుతోంది. అక్కడున్నవాళ్లలో చాలామంది అతను వేలు చూపినవాళ్లే. ఇప్పుడు వాళ్లకు దారులు తెరిచే ఉన్నా, ఎవరూ లేవలేదు. ఒకతను అట్టముక్క మీద కాస్త జరిగి చోటిచ్చాడు. హత్సుయె గిన్నె అందించింది. వాళ్లు అతని చేతుల వైపే చూస్తూ తిన్నారు. అతను తల వంచుకుని తిన్నాడు.