బోర్లించని పళ్లెం

పొద్దున ఆరుంబావుకి ఫోను మోగింది. ఆ వారంలో ఇది ఐదో రోజు. వీరదుర్గ పెనం మీద దోసె తిరగేస్తూ హాల్లోకి చూసింది. ఇనెకె మేడమ్ రిసీవరు ఎత్తి, ఒక్క మాట విని, గోడ మీది క్యాలెండరులో జనవరి రెండో తారీకు గడిలో ఒక అంకె వేసింది. పద్నాలుగు.

వంటింటి బల్ల దగ్గర కూర్చున్న లోటె ఆ అంకె చదివింది. లోటెకి ఐదేళ్లు. తల్లిదండ్రులతో డచ్చి భాష, బడిలో ఇంగ్లీషు, వీరదుర్గతో తెలుగు మాట్లాడుతుంది. ఆ తెలుగు కాకినాడ రేవు దగ్గర పుట్టిన పిల్ల మాట్లాడినట్టే ఉంటుంది, నేర్పింది వీరదుర్గే కాబట్టి.

"దుర్గమ్మా, తాత పద్నాలుగు అన్నాడంట. ఇంకొక్కటి పెరిగితే అమ్మ ఎల్లిపోద్ది."

"ముందు దోసె తిను. ఎల్లేవోళ్లు ఎల్తారు, వచ్చేవోళ్లు వత్తారు."

"నెయ్యి ఎయ్యవా?"

"ఏశాను కదే. కళ్లు ఎక్కడెట్టుకున్నావు?"

బహ్రెయిన్ బుసైతీన్‌లో సముద్రానికి రెండు వీధుల అవతల ఉంది ఆ ఇల్లు. మార్టెన్ సార్ ఇంజినీరు. సముద్రంలో ఇసుక పోసి నేల చేసే కంపెనీలో పని. బహ్రెయిన్ వచ్చి మూడున్నరేళ్లయింది. వీరదుర్గ వాళ్లింట్లో చేరిందీ అప్పుడే.

క్యాలెండరు మీది అంకెలు మంచు మందం. ఇనెకె తండ్రి హాలండ్ ఉత్తరాన పల్లెలో ఆవులు పెంచుతాడు. ఇక్కడ ఆరున్నర కావస్తుంటే అక్కడ ఇంకా నాలుగున్నర కూడా కాదు. ఆయన పాలు పితకబోయే ముందు లాంతరు పట్టుకుని ఇంటి వెనక కాలువ మీదికి వెళ్లి, మంచుకి కన్నం పెట్టి, స్కేలు దించి కొలుస్తాడు. దారి పొడుగునా పదిహేను సెంటీమీటర్లు గడ్డకడితేనే పదకొండు ఊళ్ల పందెం పెడతారు. కాలువల మీద, చెరువుల మీద స్కేట్లు కట్టుకుని ఒక్క రోజులో రెండు వందల కిలోమీటర్లు వెళ్లాలి. ఏటేటా ఉండే పందెం కాదు. చలి తలుచుకోవాలి.

ఇనెకెకి ముప్పై ఏళ్లు. పందొమ్మిదో ఏట దేశం స్కేటింగ్ జట్టులో చేరింది. ఆమెవి దూరాల పందేలు, మూడు వేల మీటర్లు, ఐదు వేల మీటర్లు. ఎనభై ఆరులో పదకొండు ఊళ్ల పందెం జరిగిన రోజు జట్టు వేరే దేశంలో శిక్షణలో ఉంది. వెళ్తానంటే కోచ్ ఒప్పుకోలేదు. మళ్లీ వస్తుందిలే అన్నాడు. పదకొండేళ్లయింది, రాలేదు. ఎనభై ఎనిమిది ఒలింపిక్స్‌కి ముగ్గురిని ఎంపిక చేశారు. ఇనెకెది నాలుగో స్థానం. తొంభై రెండుకి ఎంపిక జరిగిన వారంలో ఆమె ఆసుపత్రిలో ఉంది, పక్కన లోటె. తర్వాత ఏడాది మార్టెన్‌కి ఇక్కడ ఉద్యోగం వచ్చింది. విమానం ఎక్కేముందు స్కేటింగ్ ఇక ఖలాస్ అందట. అప్పటికి ఆ అరబ్బీ మాట ఆమెకి తెలియదు. ఇక్కడికొచ్చాక, అదే కథ చెబుతూ, ఆ మాట వాడటం మొదలుపెట్టింది.

ఖలాస్ అన్న మనిషి రోజూ తెల్లవారకముందే లేచి చక్రాల స్కేట్లు కట్టుకుని పక్క ఊరు ముహర్రక్ దాకా పోయి వచ్చేది. మధ్యాహ్నం గదిలో నున్నటి బల్ల పరుచుకుని, బూట్లకి ఉన్ని మేజోళ్లు తొడిగి, అటూ ఇటూ జారేది. ఆ బల్లకి వారానికోసారి కొవ్వొత్తి రుద్దడం వీరదుర్గ పని.

మంచు స్కేట్లు మాత్రం అటక మీద పెట్టెలో ఉండేవి. తుప్పు పట్టకుండా నెలకోసారి కిందికి దించి నూనె రాసేవాళ్లు. బ్లేడు సానపట్టే రాయి ఉంది. నిరుడు మొదటిసారి ఇనెకె ఎలా పట్టాలో చూపించబోతే వీరదుర్గ రాయి లాక్కుంది. "చేపల కత్తి సానపట్టే దాన్ని, నాకు చూపిస్తారా మేడమ్" అంది. అది తెలుగులో అంది కాబట్టి లోటె తర్జుమా చేసింది. ఇనెకె నవ్వి రాయి వదిలేసింది.

దోసెలయ్యాక వీరదుర్గ పళ్లాలు కడిగి, బల్ల మీద గుడ్డ పరిచి, ఒక్కొక్కటే బోర్లించింది. నవంబరు నుంచి ఆ పని చేసినప్పుడల్లా ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.

వీరదుర్గ పుట్టింట్లో పద్ధతి ఒకటుంది. చేపల వేటకెళ్లిన మనిషి తిన్న పళ్లెం కడిగి వెల్లకిలా పెడతారు. అతను ఒడ్డెక్కేదాకా బోర్లించరు. నవంబరు తుపానుకి ముందు రోజు వీరదుర్గ తమ్ముడు లోవరాజు వేటకి వెళ్లాడు. తుపాను వస్తుందని రేడియోలో చెప్పారట. పడవలో రేడియో లేదు. పడవ చెక్కలు దొరికాయి, మనిషి దొరకలేదు. రెండు నెలలైనా తల్లి సుబ్బాయమ్మ పళ్లెం బోర్లించలేదు. కర్మకాండ చెయ్యనివ్వడం లేదు. పెద్దదానివి నువ్వు చెబితే వింటుంది అని లోవరాజు భార్య రెండు ఉత్తరాలు రాయించింది. వీరదుర్గ జవాబు రాయలేదు. వెళ్లి రమ్మని ఇనెకె టిక్కెట్టు తీస్తానంటే వద్దంది. వెళ్తే, తమ్ముడు పోయాడని ఒప్పుకున్నట్టే.

పదకొండింటికి సామాన్లు తెచ్చిన డ్రైవర్ తాహెర్‌ని ఆమె గుమ్మంలో ఆపింది. అతనిది నిజామాబాదు.

"తాహెర్ భాయ్, ఆ పందెం నేల మీద కాదా?"

"నేల ఏడికెల్లి వచ్చె? నీళ్లు గడ్డకట్టినయి. ఆ గడ్డ మీద ఉరుకుడు. సార్ నాకు చెప్పిండు గద."

"గడ్డ కింద?"

"నీళ్లే ఉంటయ్. ఇంకేముంటయ్, బిర్యానీ ఉంటదా?"

"పగిలితే?"

"పగిలితే అండ్లనే పడ్తరు. మేడమ్ వాళ్ల నాయన అరవై మూడుల గట్లనే దిగవడ్డడంట. బతికిండు గని కాలివేళ్లు రెండు పోయినయంట. అరే, గట్ల చూస్తవేంది అక్కా? నేను దొబ్బిన్నా ఆయనను?"

వీరదుర్గ నవ్వలేదు. సంచి లోపల పెట్టింది. మర్నాడు, శుక్రవారం పొద్దున విమానం ఒక్కటే ఉందని ఇనెకె ఫోనులో అనడం ఆమె విన్నది. పందెం పెడితే శనివారమేనట, ఆ విమానం తప్పితే అదీ తప్పినట్టే. ఒక్క పూట స్కేట్లు కనపడకపోతే చాలు. లోటెని నిద్రపుచ్చి, అటక మీంచి పెట్టె దించి, స్కేట్లు గుడ్డలో చుట్టి బియ్యం డబ్బా అడుగుకి దింపింది. పైన బియ్యం సర్దింది. ఆ పని చేసేటప్పుడు ఆమెకి తప్పనిపించలేదు.

సాయంత్రం ఆరు దాటాక ఫోను వచ్చింది. ఈసారి ఇనెకె అంకె వెయ్యలేదు. రిసీవరు పెట్టేసి, మెట్లు రెండేసి ఎక్కి వెళ్లింది. పందెం ఖాయమైంది.

పది నిమిషాల తర్వాత ఖాళీ పెట్టె పట్టుకుని దిగింది. అప్పుడే మార్టెన్ ఆఫీసు నుంచి వచ్చి బూట్లు విప్పుతున్నాడు.

ఆ తర్వాత మాటలన్నీ డచ్చిలో. వీరదుర్గ వంటింటి గుమ్మంలో నిలబడింది. లోటె ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుని, పెద్దవాళ్ల మాటలు వింటూ, ఎప్పుడూ చేసే పనే చేసింది.

"అమ్మ అంటంది, నువ్వే దాచేశావు అని. నాన్న అంటన్నాడు, నేను ముట్టుకోలేదు అని."

"ఊరుకో తల్లీ. చెప్పకు."

"అమ్మ అంటంది, నిన్న వద్దన్నావు కదా, ఇవాళ పెట్టె ఖాళీ అయిపోయిందా అని. నాన్న అంటన్నాడు, నువ్వు ఖలాస్ అన్నావు కదా అని. రెండు సార్లు నీకు ఎంపిక తప్పింది, రెండు సార్లూ నేనే చూశాను అంటన్నాడు. నెలరోజులు మంచం దిగలేదు అంట. ఎవరు దుర్గమ్మా, మంచం దిగనిది?"

వీరదుర్గ పిల్లని దగ్గరికి లాక్కుంది.

మార్టెన్ గొంతు తగ్గించి ఏదో అన్నాడు. ఇనెకె పెట్టెని నేల మీద విసిరింది. మూత ఊడి వీరదుర్గ కాళ్ల దాకా జారింది. ఇనెకె అన్న మాట లోటె కుచ్చిళ్లలో మొహం దాచుకుని చెప్పింది.

"అమ్మ అంటంది, నువ్వు ఇలా దొంగతనం చేసేవాడివైతే నేను తిరిగి రాను, తాత దగ్గరే ఉండిపోతాను అంట. దుర్గమ్మా, మరి నేనో?"

వీరదుర్గ వంటింట్లోకి వెళ్లి బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టింది. తిరిగి వచ్చినప్పుడు గుడ్డమూట చేతిలో ఉంది. హాలు మధ్యలో బల్ల మీద పెట్టి విప్పింది. బ్లేడు పక్కన, తోలు మడతల్లో బియ్యపు గింజలు అంటుకున్నాయి.

"సార్ కాదు మేడమ్. నేను."

ఇనెకెతో ఆమె మాట్లాడేది సగం హిందీ, సగం ఇంగ్లీషు. ఇప్పుడు రెండూ రాలేదు. తెలుగులోనే అంది. లోటె తల్లికి చెప్పింది.

"ఎందుకు?" అంది ఇనెకె. "నీ మీద నమ్మకంతో ఇల్లంతా వదిలేశాను. నీకేం హక్కుంది?"

"హక్కు లేదు. మా తమ్ముడు కూడా పొద్దున్నే చద్దన్నం తిని, నవ్వుకుంటూ ఎల్లాడు. కింద నీళ్లున్న చోటుకి పిల్ల తల్లిని పంపలేను. నా చేతులు ఆడలేదు. కావాలంటే నన్ను పంపెయ్యండి."

లోటె తర్జుమా చేస్తున్నంతసేపూ ఇనెకె స్కేట్ల వైపే చూసింది. తర్వాత సోఫాలో కూర్చుంది. మార్టెన్ ఒక బూటుతోనే నిలబడి ఉన్నాడు.

"దుర్గా, ఇటు రా. కూర్చో," అంది ఇనెకె. వీరదుర్గ కింద కూర్చోబోతే చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టింది. "దారిలో ప్రతి ఊరికీ మనుషులుంటారు. వాళ్ల పనల్లా రోజూ మంచుకి కన్నం పెట్టి కొలవడమే. ఒక్క చోట పలచగా ఉన్నా పందెం ఆపేస్తారు. వంతెనల కింద గట్టిపడదు. అక్కడ ఒడ్డెక్కి తివాచీల మీద నడిచిపోతాం. నీ తమ్ముడికి చెప్పేవాళ్లు లేకపోయారు. నాకు చెప్పేవాళ్లు ఉన్నారు."

లోటె ఆఖరి మాట రెండు సార్లు చెప్పింది, మొదటిసారి వీరదుర్గ విననట్టు కనిపించడంతో.

మార్టెన్ ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. ఈసారి లోటె కాదు, ఇనెకె చెప్పింది. "ఆయన అంటున్నాడు, నీకు నీళ్లంటే భయం. తనకి, ఓడి తిరిగొచ్చేటప్పటి నా మొహం అంటే భయం. స్కేట్లు దాచాలన్న ఆలోచన తనకి రాలేదట. వస్తే దాచేవాడేనట."

ముగ్గురిలో ముందు నవ్వింది ఇనెకె. నవ్వుతుండగానే ఏడ్చింది. మార్టెన్ లేచి టిక్కెట్టు కోసం ఫోను చేశాడు.

ఆ సాయంత్రం వీరదుర్గ బ్లేళ్లు సానపట్టింది. గింజలన్నీ తీసి, రాయి మీద నూనె వేసి, అంచు మీద గోరు ఆనించి చూసింది. గోటి పొట్టు లేచేదాకా పట్టింది. చివర బ్లేళ్లకి పసుపు రాసి కుంకుమ పెట్టింది. వాళ్ల ఊళ్లో పడవ నీళ్లలోకి దించేముందు ముక్కుకి అలాగే పెడతారు. ఇనెకె తుడవలేదు.

శుక్రవారం పొద్దున ఇనెకె రెండు దోసెలు తిని వెళ్లింది. వీరదుర్గ ఆ పళ్లెం కడిగి, గుడ్డ మీద వెల్లకిలా పెట్టింది.

"ఇది బోర్లించవా?" అంది లోటె.

"మీ అమ్మ ఒడ్డెక్కాక."

శనివారం పొద్దున ఏడున్నరకి పందెం మొదలైంది, అక్కడి వేళ ప్రకారం ఐదున్నర. మార్టెన్ ఆఫీసుకి వెళ్లలేదు. ఫోను దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇనెకె తండ్రి ఏ ఊళ్లో కనిపిస్తే అక్కణ్ణుంచి ఫోను చేస్తున్నాడు. మూడు ఊళ్లయ్యాయి. ఆరయ్యాయి. గాలి ఎదురుగా ఉంది. ఇనెకె ఒకసారి పడింది, లేచింది. మధ్యాహ్నం మూడు తర్వాత ఫోను రాలేదు. వీరదుర్గ మధ్యాహ్నం అన్నం తినలేదు. మార్టెన్ కూడా తినలేదు. ఎవరినీ ఎవరూ తినమనలేదు.

రాత్రి ఏడుంబావుకి మోగింది. మార్టెన్ విని, కళ్లు మూసుకుని, రిసీవరు లోటెకి ఇచ్చాడు.

"గెలిచావా అమ్మా?" అని డచ్చిలో అడిగి, జవాబు విని, వీరదుర్గ వైపు తిరిగింది. "లేదంట. చాలామంది ముందే వచ్చేశారంట. కానీ మొత్తం అయిందంట. తాత అక్కడే నిలబడి ఉన్నాడంట. ఇప్పుడు నిజంగా ఖలాస్ అంట. అమ్మ ఏడవట్లేదు దుర్గమ్మా, నవ్వుతంది."

వీరదుర్గ వంటింట్లోకి వెళ్లి ఇనెకె పళ్లెం బోర్లించింది. దాని మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. తర్వాత హాల్లోకి వచ్చి, ఊరికి ఒక్క ఫోను చేసుకుంటానని మార్టెన్‌ని అడిగింది.

వాళ్ల వీధి మొదట్లో భీమరాజు కిరాణా కొట్టుకి ఫోను ఉంది. కుర్రాణ్ణి పంపి సుబ్బాయమ్మని పిలిపించేసరికి పావుగంట పట్టింది.

"అమ్మా, నేను. దుర్గని."

"ఏటే, ఈ వేళప్పుడు? ఒంట్లో బాగుందా?"

"బాగుంది. అమ్మా, తమ్ముడి పళ్లెం..."

"అలాగే ఉంది. నేను ముట్టుకోలేదు. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు."

"బోర్లించెయ్యమ్మా."

"ఆడు వచ్చాక కదే బోర్లించేది."

వీరదుర్గ రిసీవరు రెండు చేతులతో పట్టుకుంది.

"ఆడు రాడమ్మా."

అవతల కొట్టులో ఎవరో పప్పు అడుగుతున్నారు.

"నువ్వు అనేశావు," అంది సుబ్బాయమ్మ చివరికి. "పెద్దదానివి. నువ్వు కూడా అనలేదు కదా అని ఇన్నాళ్లూ..." తర్వాత ఏడ్చింది. రెండు నెలల్లో తల్లి ఏడుపు వీరదుర్గ వినడం అదే మొదటిసారి. "నా ఒక్కదాని వల్ల కాదే. చేతులు రావట్లేదు. నువ్వు రా."

"వత్తన్నానమ్మా. నేను వచ్చాక ఇద్దరం కలిసి చేద్దాం."

ఫోను పెట్టి చీర చెంగుతో మొహం తుడుచుకుంది. సెలవూ టిక్కెట్టూ అడగాలి. అడగక్కర్లేకపోయింది, విన్నదంతా లోటె తండ్రికి డచ్చిలో చెప్పేసింది. మార్టెన్ అప్పటికే క్యాలెండరు తీసి బల్ల మీద పెట్టి, ఏ రోజో చూపించమని వేలితో గడులు తడుతున్నాడు. ఇనెకె సోమవారం వస్తుంది. వీరదుర్గ మంగళవారం గడి మీద వేలు పెట్టింది.

"నువ్వూ ఎల్లిపోతావా?" అంది లోటె.

"ఎల్లొస్తాను."

"సముద్రం మీదుగానా?"

"దాని మీంచే. విమానంలో."

లోటె వంటింట్లోకి వెళ్లి ముక్కాలిపీట జరుపుకుని ఎక్కింది. బోర్లించి ఉన్న పళ్లాల్లోంచి వీరదుర్గ స్టీలు పళ్లెం వెతికి తీసి, గుడ్డ మీద వెల్లకిలా పెట్టింది.