లంగరు జారలేదు

“నీ పని ఎర్ర బోయాను కాపలా కాయడం,” అన్నాడు చీఫ్.

“అంతేనా సార్?”

“అంతే. శనివారం ఉదయం పదింటికి మన ఓడ అఖాతంలోకి వస్తుంది. మూడువందల మంది ఉంటారు. దారి చూపడానికి నీళ్లమీద తేలే ఆ బోయాకి కుడిపక్కే లోతు, ఎడమపక్క నీళ్లకింద రాళ్లు. శత్రుముఠా బోయాని జరపాలని చూస్తోంది. జరిగితే ఎర్ర రాకెట్ పేల్చు. కెప్టెన్ ఓడని ఇంకా కుడికి తిప్పేస్తాడు. ఊరికే పేల్చావో, ఓడ అటుపక్క ఇసుకలో కూరుకుపోతుంది.”

అలా ఏజెంట్ కొంగ పెట్టుడు గడ్డంతో, చిత్రకారుడి వేషంలో, తెరచాప పడవకి లంగరు వేసుకుని పంతొమ్మిది రోజులు కూర్చున్నాడు. తోడు రేడియోలో ఒక గొంతు. పక్కన తెల్ల పడవలో ఉన్న మన ఏజెంట్ మైనాది. నల్ల కళ్లద్దాలు, నారింజరంగు స్కార్ఫ్. రోజూ ఎనిమిదింటికి ఆమె అడిగేది: “భోజనం చేశారా?”

“ఇప్పుడే చెయ్యి కడుక్కున్నాను.”

అది కోడ్. అంతా క్షేమమని అర్థం. ఆ సంగతి తెలిసి కూడా కొంగ ఏడున్నరకే తల దువ్వుకునేవాడు.

శనివారం తుఫాను వచ్చింది. గాలి అంటే మామూలు గాలా? గడ్డం ఊడి ఎగిరిపోయింది. ఒక సముద్రపు పక్షి దాన్ని పెట్టుకుని కాసేపు పెద్దమనిషిలా తిరిగిందంటే నమ్మితే నమ్మండి. బొత్తంలో కెమెరా, బూటులో బాకు ఉప్పునీళ్లలో నానిపోయాయి. వానకి ఒడ్డు మాయమైంది. కనబడేది బోయా ఒక్కటే.

తొమ్మిదీ యాభైకి చూస్తే పడవ ముక్కుకి సూటిగా ఉండాల్సిన బోయా ఎడమకి పోయింది.

రేడియో పలికింది. “కొంగగారూ, మీ లంగరు జారుతోంది. రాళ్లకేసి కొట్టుకుపోతారు. పైకి లాగేసి సముద్రంలోకి వెళ్లిపోండి.”

“మీరో?”

“నా సంగతి వదిలేయండి. మీకేమైనా అయితే నేనెవర్ని అడగను, భోజనం చేశారా అని?”

పంతొమ్మిది రోజుల్లో ఆమె కోడ్ దాటి మాట్లాడిన మాట అదొక్కటే. కొంగ పాక్కుంటూ ముందుకెళ్లి గొలుసు అందుకున్నాడు.

కానీ లంగరు అడుగున ఈడ్చుకుపోతుంటే గొలుసు చేతికింద గరగరమని వణకాలి. ఇది వణకలేదు. బిగుసుకుని, పట్టిన పట్టు వదలకుండా ఉంది. మళ్లీ అరచెయ్యి ఆనించాడు. అంతే బిగువు.

అంటే కదులుతున్నది తను కాదు. బోయా. కళ్లు చిట్లించి చూస్తే వానలో తెల్ల పడవ, నీళ్లకింద తీగ కట్టి దాన్ని మోటారుతో లాగుతోంది.

వానలోంచి ఓడ ముక్కు బయటికొచ్చింది, తిన్నగా రాళ్ల మీదికి. రాకెట్ రెండుసార్లు తుస్సుమంది. మూడోసారి ఆకాశం ఎర్రబడింది. ఓడ ఒళ్లంతా మూలుగుతూ కుడికి తిరిగింది. రాళ్లకీ దానికీ మధ్య మనిషి పట్టేంత సందు కూడా లేదు.

రేడియోలో చిన్న నిట్టూర్పు. తర్వాత ఏమీ లేదు.

సాయంత్రానికి గాలి తగ్గింది. చీఫ్ లైన్లోకి వచ్చాడు.

“శభాష్. మైనా దొరికిపోయింది. నీకేమైనా కావాలా?”

కొంగ తడితల దువ్వుకున్నాడు. “నన్ను భోజనం చేశావా అని ఒకసారి అడగండి సార్.”

“ఆ కోడ్ రద్దయిందయ్యా,” అన్నాడు చీఫ్. “కొత్తది రేపు పంపిస్తాం.”